తొక్కితేనే తెలిసే నేల

ఫ్రాన్స్‌లో వైన్‌కు పేరుపడ్డ బర్గండీ ప్రాంతపు ద్రాక్షతోటలను సైకిల్ మీద చుట్టిరావడం సులువని మీ వ్యాసంలో రాశారు. ఒప్పుకుంటాను, కానీ సగమే. బోన్ పట్టణం నుంచి సాంతెనే గ్రామం వరకు తోటల మధ్య సాగే సైకిల్ దారి సుమారు 22 కిలోమీటర్లు. పొమ్మార్, వొల్నే గ్రామాలు దాటి మెర్సో చేరేసరికి నల్లద్రాక్ష తగ్గి తెల్లద్రాక్ష మొదలవుతుంది. కారులో వెళ్లేవారికి ఈ మార్పు పట్టదు. వాలు నడుమనున్న తోటలకే ఎక్కువ విలువ ఎందుకో కూడా తొక్కుతుంటే అర్థమవుతుంది: కింద నీరు నిలిచే బరువు నేల, పైన పలుచని రాతినేల.

మీరు వదిలేసిన మాట ఒకటుంది. రక్తంలో లీటరుకు 0.5 గ్రాముల మద్యం పరిమితి ఫ్రాన్స్‌లో సైకిల్ తొక్కేవారికీ వర్తిస్తుంది. దారిలో వైన్ రుచి చూపించేచోట, రుచి చూసి ఉమ్మేయడానికి పాత్ర పెడతారు, మొహమాటపడకండి. వైన్ సీసాలు మాత్రం చివరి మజిలీలోనే కొనండి. ఆరు సీసాలంటే ఏడెనిమిది కిలోలు!