అడగకుండానే పుచ్చుకునే మర్యాద

వెనుకటి రోజుల్లో శిస్తు బకాయి పడితే అమీను ఊళ్లోకి వచ్చి, చావడి దగ్గర దండోరా వేయించి, నలుగురూ చూస్తుండగా ఇత్తడి బిందెలూ గంగాళాలూ వీధిలో పెట్టించేవాడు. పరువు పోయినా, పోతున్నదేమిటో కళ్లారా చూసుకునే భాగ్యమైనా బకాయిదారుకు దక్కేది. ఇప్పటి వాణిజ్య పన్నుల శాఖకు అంత మొరటుతనం లేదు. మన గడప తొక్కి మనల్ని నొప్పించడం ఇష్టం లేక, 2017 నాటి జీఎస్టీ చట్టం సెక్షన్ 79 కింద డీఆర్‌సీ-13 అనే కాగితాన్ని నేరుగా మన బ్యాంకుకు పంపుతుంది. మన ఖాతాలోని డబ్బును బకాయి కింద ప్రభుత్వానికి కట్టేయమని బ్యాంకును ఆదేశించే ఈ కాగితాన్నే గార్నిషీ నోటీసు అంటారు. ఖాతాదారు పాస్‌బుక్కు గానీ, డిపాజిట్ రసీదు గానీ చూపాలన్న పట్టింపు కూడా అక్కర్లేదని చట్టమే సెలవిచ్చింది. (చిరునామా మార్చమంటే మనల్ని రెండు ఫొటోలు అడిగే బ్యాంకు ఇదే.)

నాకు తెలిసిన హార్డ్‌వేర్ వ్యాపారి ఒకరికి ఈ మర్యాద టీ కొట్టు దగ్గర జరిగింది. రెండు టీలకు ఫోన్‌లో డబ్బు కొడితే వెళ్లలేదు. మళ్లీ కొట్టినా వెళ్లలేదు. ఖాతాలో లక్షలున్నాయి, కానీ అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అన్నట్టయింది. విచారిస్తే, పన్ను కట్టమన్న ఉత్తర్వు జీఎస్టీ పోర్టల్‌లో ఒక మూల ఎప్పుడో వెలిసి, సెక్షన్ 78 ఇచ్చిన మూడు నెలల గడువు కూడా దాటిపోయిందని తేలింది. ఆయన పోర్టల్ తెరవరు, గుమాస్తా తెరుస్తాడు. గుమాస్తా 20వ తేదీన రిటర్ను వేయడానికి తెరుస్తాడే తప్ప పక్క గదుల్లోకి తొంగి చూడడు. ఆ గడువులోనే వివాదంలో ఉన్న పన్నులో పది శాతం కట్టి అప్పీలుకు వెళ్లి ఉంటే మిగతా వసూలు ఆగేదన్న సంగతి ఆయనకు ఆ రోజే తెలిసింది.

అయితే నేను శాఖవారికి చేతులెత్తి మొక్కేది మరో విషయానికి. ఈ నోటీసు బ్యాంకుకే కాదు, బకాయిదారుకు డబ్బు ఇవ్వవలసిన వారెవరికైనా, రేపెప్పుడో ఇవ్వబోయే వారికైనా వెళ్లవచ్చు. అందుకున్నవాడు కట్టకపోతే ఆ మేరకు తానే బకాయిదారు అవుతాడు. పైపుల బాకీ అడిగినప్పుడల్లా రెండేళ్లుగా "వచ్చే వారం" అంటున్న బిల్డరు, ఈ కాగితం అందిన నాలుగో రోజున పైసాతో సహా ప్రభుత్వానికి జమ చేశాడు. మా వ్యాపారి దుఃఖం మరిచి, మిగతా మొండి బాకీల జాబితా కూడా అధికారులకు స్వయంగా అందజేద్దామా అని ఆలోచనలో పడ్డారు.

ఇదంతా విన్న రోడ్ల కాంట్రాక్టరుకు ఆశ పుట్టింది. ప్రభుత్వం ఆయన బిల్లు చెల్లించలేదు. బిల్లు పెట్టినందుకు పన్ను మాత్రం అప్పుడే కట్టాలి, ఆలస్యమైతే ఏడాదికి 18 శాతం వడ్డీ. ఆ బిల్లు ఎప్పటికైనా మంజూరైతే అందులోంచే కోసుకునే అధికారం సెక్షన్ 79 మొదటి క్లాజులోనే ఉంది. "మనమూ ఖజానాకు ఒక డీఆర్‌సీ-13 పంపవచ్చాండీ?" అని ఆయన ఆడిటరు గారిని వినయంగా అడిగారు. ఆడిటరు గారు నమూనా పత్రాన్ని ఆసాంతం పరిశీలించి, సంతకం కింద హోదా రాయవలసిన చోటు ఉందనీ, కాంట్రాక్టరు అన్నది హోదా కిందకు రాదనీ తేల్చి, టీ చల్లారిపోతోందని గుర్తు చేశారు.