గిల్లి జోల పాడుతున్నారు

ఒంటరి వృద్ధులకు కబుర్లు చెప్పే యంత్రాలు పంచడం ప్రభుత్వాలకు కొత్త ముచ్చటైంది. అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రం 2022లో ఎనిమిది వందలకు పైగా ఎల్లీక్యూ యంత్రాలను వృద్ధుల ఇళ్లకు చేర్చే కార్యక్రమం మొదలుపెట్టింది. దక్షిణ కొరియాలో స్థానిక ప్రభుత్వాలు మనవడో మనవరాలో అన్నట్టుండే హ్యోడోల్ బొమ్మలను వేల సంఖ్యలో పంచాయి. అవి మందుల వేళ గుర్తుచేస్తాయి, తల నిమిరితే గారంగా బదులిస్తాయి. జపాన్‌లో సీలు పిల్ల ఆకారంలోని పారో రోబో వృద్ధాశ్రమాల్లో చాలా ఏళ్లుగా ఉంది. ఇప్పుడు కృత్రిమ మేధ తోడై ఈ బొమ్మలకు మాటకారితనం కూడా వచ్చింది. ఇక వృద్ధుల ఒంటరితనం సమస్య తీరిపోయినట్టేనన్న ధోరణిలో ప్రకటనలు వెలువడుతున్నాయి. ఆ ఒంటరితనాన్ని పెంచి పోషించింది ఎవరన్న ముక్క మాత్రం ఏ ప్రకటనలోనూ కనిపించదు. మా అభ్యంతరం అక్కడే మొదలవుతుంది.

ఎవరూ లేని ఇంట్లో ఏదో ఒక గొంతు వినిపించడం మేలే కదా అని సమర్థకులు అంటారు. వృద్ధుల సంరక్షణకు మనుషులు చాలడం లేదనీ, ఈ బొమ్మలతో కొందరికి నిజంగానే ఊరట దొరుకుతోందనీ చెబుతారు. కాదనం. రాత్రి రెండింటికి నిద్రపట్టని వృద్ధురాలు బొమ్మతో నాలుగు మాటలు మాట్లాడుకుంటే తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. మా కోపం ఆమె మీద కాదు, బొమ్మ మీద అంతకన్నా కాదు. పగటి పూట ఆమెతో మాట్లాడే మనుషులను ఒక్కొక్కరినే తీసేసి, రాత్రికి బొమ్మను పంపి ఫొటోలు దిగేవాళ్ల మీద. దీన్నే మన పెద్దలు గిల్లి జోల పాడటం అన్నారు.

మాటామంతీ లేకపోతే మనిషి ఏమైపోతాడో తెలియక జరుగుతున్న పొరపాటు కాదిది. కాలిఫోర్నియాలోని అలమెడా కౌంటీలో దాదాపు ఏడు వేల మందిని తొమ్మిదేళ్లు గమనించి, నలుగురితో సంబంధాలు ఉన్నవాళ్ల కంటే లేనివాళ్లు త్వరగా చనిపోతున్నారని బెర్క్‌మన్, సైమ్ అనే పరిశోధకులు 1979లోనే తేల్చారు. 2010లో జూలియన్ హోల్ట్-లన్‌స్టడ్ బృందం 148 అధ్యయనాలను, అంటే మూడు లక్షలకు పైగా మనుషుల వివరాలను కలిపి చూసింది. సంబంధాలు బలంగా ఉన్నవారికి బతికి ఉండే అవకాశం 50 శాతం ఎక్కువని లెక్క తేలింది. 2023లో అమెరికా సర్జన్ జనరల్‌గా, అంటే ప్రజారోగ్యంపై ఆ ప్రభుత్వ ప్రధాన వైద్యుడిగా ఉన్న వివేక్ మూర్తి ఇచ్చిన హెచ్చరిక ఈ లోటును రోజుకు పదిహేను సిగరెట్లు కాల్చడంతో పోల్చింది. మతిమరుపు ముదిరే డిమెన్షియా జబ్బుపై లాన్సెట్ వైద్య పత్రిక వేసిన కమిషన్ 2024లో పేర్కొన్న 14 నివారించదగ్గ కారణాల్లో సామాజిక ఏకాంతం ఒకటి. ఒంటరితనంతో ముడిపడిన మరణాలు ఏటా 8,71,000 అని ప్రపంచ ఆరోగ్య సంస్థ కమిషన్ 2025లో అంచనా కట్టింది. గంటకు దాదాపు వంద! ఇన్ని తెలిసీ చేస్తున్న పనిని తెలియక చేసిన పని అనలేం.

'ఇంట్లో పిల్లలున్నారుగా, ఇక ఒంటరితనమేమిటి' అనే వాదన ఒకటుంది. కుటుంబం ఉంటే చాలు, ప్రభుత్వానికి పనేముందన్నది దాని సారాంశం. హోల్ట్-లన్‌స్టడ్ బృందం లెక్కలే దీనికి జవాబు. ఒక్కరే ఉంటున్నారా, ఎవరితోనైనా ఉంటున్నారా అన్న తేడా ఆయుష్షు మీద చూపిన ప్రభావం తక్కువ. ఇంటివాళ్లు, స్నేహితులు, ఇరుగుపొరుగు, సంఘాలు, పలకరింపులు అన్నీ కలిసి ఎన్ని దారుల్లో మనిషి లోకంతో ముడిపడి ఉన్నాడన్నది చూపిన ప్రభావం ఎక్కువ. నిండుగా మనుషులున్న ఇంట్లోనూ పెద్దవాళ్లు ఒంటరివాళ్లవుతారు. చెవులు మందగించిన పెద్దాయనను భోజనాల దగ్గర గమనించండి. మొదట్లో 'ఏమన్నావ్?' అని రెండుసార్లు అడుగుతాడు. మూడోసారి ఎదుటివాళ్ల ముఖంలో విసుగు చూస్తాడు. ఆ తర్వాత అడగడం మానేసి, అందరూ నవ్వినప్పుడు తానూ నవ్వుతాడు. కొన్నాళ్లకు తన కంచం తీసుకుని ముందే తినేసి లేచిపోతాడు. ఆయనకు ముందు కావలసింది కబుర్లు చెప్పే బొమ్మ కాదు, చెవికి సరిగ్గా అమరే వినికిడి యంత్రం, దాన్ని సరిచేసి వాడకం నేర్పే మనిషి. వినికిడి లోపం కూడా లాన్సెట్ జాబితాలో ఉంది. అయినా చాలా దేశాల్లో వినికిడి యంత్రం ఖర్చు రోగి నెత్తినే పడుతోంది. బొమ్మకు దొరికే నిధులు చెవికి ఎందుకు దొరకవు?

ఇక అసలు విషయం. వయసు మళ్లినవారి రోజు చాలావరకు చిన్న చిన్న పనులతో గడుస్తుంది. బ్యాంకుకు వెళ్లి పింఛను తీసుకోవడం, బిల్లు కట్టడం, ఆసుపత్రిలో చీటీ రాయించుకోవడం, గ్రంథాలయంలో పత్రిక తిరగేయడం. కౌంటరు అవతల కూర్చున్న మనిషి చేసేది సంతకం సరిచూడటం ఒక్కటే కాదు. 'పోయినవారం రాలేదేం, ఒంట్లో బాగాలేదా?' అని అడుగుతుంది. 'మోకాలు' అని ఇవతలి పెద్దాయన మొదలుపెడతాడు. వెనక వరుసలో ఉన్నావిడ తన మోకాలి సంగతి అందుకుంటుంది. అయిదు నిమిషాలు. ఆ రోజుకు ఆయన నోరు విప్పి మాట్లాడింది బహుశా అంతే. ఆ కౌంటరు ఎత్తేసి తాకుతెర (టచ్ స్క్రీన్) పెట్టినప్పుడు ఖర్చు ఎంత మిగిలిందో బ్యాంకు లెక్కలో కనబడుతుంది. ఆ అయిదు నిమిషాలు ఎక్కడ పోయాయో ఎవరి లెక్కలోనూ కనబడదు. పైగా వణికే వేళ్లతో తెర మీద తప్పు మీట నొక్కి, వెనక వరుసవాళ్ల నిట్టూర్పులు విని ఇంటికి తిరిగొచ్చిన మనిషి మళ్లీ అటు వెళ్లడు. కొడుకునో కూతురినో ఫోన్లో ఆ పని చేసిపెట్టమంటాడు. పని జరిగిపోతుంది, గడప దాటడం ఆగిపోతుంది.

దీని మీద తిరగబడిన పెద్దమనిషి ఒకాయన ఉన్నారు. స్పెయిన్‌లోని వలెన్సియాకు చెందిన విశ్రాంత వైద్యుడు కార్లోస్ సాన్ హువాన్. వయసు అప్పటికి 78, పైగా పార్కిన్సన్స్ వ్యాధి. బ్యాంకులు శాఖలు మూసేసి, మిగిలినచోట్లా మనుషులను తగ్గించి అంతా ఫోన్లో చేసుకోమంటుంటే ఆయన ఊరుకోలేదు. 'నేను ముసలివాణ్ణే కానీ మూర్ఖుణ్ణి కాను' అన్న నినాదంతో సంతకాల ఉద్యమం మొదలుపెట్టారు. ఆరు లక్షలకు పైగా సంతకాలతో 2022 ఫిబ్రవరిలో మాడ్రిడ్ వెళ్లారు. ప్రభుత్వం దిగివచ్చింది, వృద్ధులకు కౌంటర్ల దగ్గర మనుషులే సేవలందించేలా చూస్తామని బ్యాంకులు ఒప్పందం రాసిచ్చాయి. ఆయన అడిగింది రాయితీ కాదు, జాలి కాదు, ఎదురుగా మాట్లాడే ఒక మనిషి.

ఇంగ్లండ్‌లోనూ ఇదే కథ. 2018 జనవరిలో ఒంటరితనానికి ప్రత్యేకంగా మంత్రిని నియమించిన ఘనత బ్రిటన్‌ది. ప్రపంచమంతా చప్పట్లు కొట్టింది. అంతకు ముందూ వెనకా, 2010 తర్వాతి దశాబ్దంలో అదే దేశంలో ఏడు వందలకు పైగా ప్రజా గ్రంథాలయాలు మూతపడ్డాయి. డబ్బు ఖర్చుపెట్టకుండా, ఎవరికీ సంజాయిషీ చెప్పుకోకుండా ఒక వృద్ధుడు రోజంతా కూర్చోగలిగిన వెచ్చని గది గ్రంథాలయం. దాన్ని మూసేసి ఒంటరితనానికి మంత్రిని పెట్టారు! 2023లో ఇంగ్లండ్ రైల్వే స్టేషన్లలో టికెట్ కౌంటర్లను చాలావరకు ఎత్తేయాలని కంపెనీలు ప్రతిపాదించాయి. దాదాపు ఏడున్నర లక్షల మంది స్పందన తెలిపాక గానీ ఆ ఆలోచన వెనక్కు పోలేదు. ఒక చేత్తో మంత్రి కుర్చీ వేస్తారు, ఇంకో చేత్తో గుమాస్తా కుర్చీ తీసేస్తారు. గిల్లి జోల పాడటం ఇంకెలా ఉంటుంది?

జపాన్ కూడా 2021లో ఒంటరితనానికి మంత్రిని పెట్టింది, 2024 నుంచి ఏకంగా చట్టమే అమలు చేస్తోంది. ఆ దేశపు పోలీసుల లెక్క ప్రకారం 2024లో ఇంట్లో ఒంటరిగా ఉంటూ కన్నుమూసినవారు 76,020 మంది. వారిలో 65 ఏళ్లు పైబడినవారే 58,044 మంది. చనిపోయిన నెల తర్వాత గానీ వెలుగుచూడని మరణాలు వేలల్లో ఉన్నాయి. నెల రోజులపాటు ఆ తలుపు తట్టే పని ఎవరికీ పడలేదన్నమాట. రోబోలకు పుట్టినిల్లు లాంటి దేశం పరిస్థితి అది.

తలుపు తట్టేవాళ్లు ఉండటం ఎంత పెద్ద విషయమో 1995 జులైలో షికాగో చెప్పింది. ఆ వడగాడ్పుల్లో మామూలుకన్నా 739 మంది ఎక్కువ చనిపోయారు. ఎక్కువమంది వృద్ధులు, చాలామంది ఒంటరిగా, మూసిన తలుపుల వెనక. సామాజిక శాస్త్రవేత్త ఎరిక్ క్లైనెన్‌బర్గ్ ఆ మరణాలను వాడవాడలా పరిశీలించారు. నార్త్ లాండేల్, సౌత్ లాండేల్ పక్కపక్క వాడలు. ఎండ ఒకటే, పేదరికమూ దాదాపు ఒకటే, ఒంటరిగా ఉండే వృద్ధులు రెండుచోట్లా ఉన్నారు. అయినా ఒకచోట మరణాల రేటు రెండోచోటికి దాదాపు పది రెట్లు. నార్త్ లాండేల్‌లో దుకాణాలు మూతపడి, ఇళ్లు పాడుబడి, వీధిలో అడుగుపెట్టాలంటేనే పెద్దవాళ్లు జంకే పరిస్థితి. సౌత్ లాండేల్‌లో వీధి నిండా అంగళ్లు, జనం. ఆ సందడిలోకి వెళ్లడానికి వృద్ధులకు భయం లేదు, రానివాళ్ల కోసం ఆరా తీసేవాళ్లకు కొదవ లేదు. ఒక వీధి బతికి ఉండటం ఆ వీధిలోని ముసలివాళ్ల ప్రాణాలను కాపాడింది. ఏ యంత్రాన్ని అడిగితే ఈ పని చేసిపెడుతుంది?

అందుకే మేము వీధి గురించే అడుగుతాం. ఇది వినడానికి చిన్నదిగా, కొందరికి నామోషీగా కూడా ఉంటుంది: మరుగుదొడ్లు. దారిలో శుభ్రమైన మరుగుదొడ్డి లేకపోతే డెబ్బయి ఏళ్ల మనిషి ఇల్లు కదలడు. కదిలినా గంటలో తిరిగివస్తాడు. పొద్దున నీళ్లు తాగడం మానేసి బయల్దేరే ఆడవాళ్లు ఎందరో. ఆ తర్వాత బెంచీలు. ఎవరైనా పడుకుంటారేమోనన్న భయంతో బెంచీలే పీకేసిన ఊళ్లున్నాయి. రెండు వందల అడుగులకోసారి కూర్చోవలసిన మనిషికి బెంచీ లేని వీధి మూసిన వీధే. మెట్టు ఎత్తుగా ఉన్న బస్సు, కాలు పెట్టీపెట్టకముందే కదిలే బస్సు, దాటేలోపే మారిపోయే సిగ్నల్ దీపం. వీటిలో ఏదీ ఒంటరితనం శాఖ కిందికి రాదట! ఆ శాఖకు మరి పనేముంది, ఏటా అక్టోబరు 1న వృద్ధుల దినోత్సవం నాడు శాలువాలు కప్పడం తప్ప?

మమ్మల్ని అన్నింటికన్నా కలవరపెడుతున్నది రేపటి సంగతి. ఇవాళ యంత్రాన్ని మనిషికి 'తోడుగా' అంటున్నారు. ఒకసారి అది సంరక్షణ కింద లెక్కకెక్కితే, వచ్చే బడ్జెట్లో ఇంటికి వచ్చి పలకరించే కార్యకర్తను తీసేయడానికి అదే సాకవుతుంది. 'ఆమె ఇంట్లో యంత్రం ఉందిగా' అంటారు. కౌంటర్ల విషయంలో జరిగింది సరిగ్గా ఇదే. మొదట తాకుతెర కౌంటరు పక్కన వచ్చింది, వెసులుబాటు అన్నారు. తర్వాత కౌంటరు పోయింది. ఆ దారి ఎటు పోతుందో ఒకసారి చూశాక రెండోసారి నమ్మమనడం అన్యాయం. అదీగాక యంత్రానికి యజమాని ఒక కంపెనీ. మాక్సీ అనే పిల్లల రోబోను తయారుచేసిన ఎంబాడీడ్ సంస్థ మూతపడుతున్నానని, ఇక ఆ బొమ్మ పనిచేయదని 2024 డిసెంబరులో ప్రకటించింది. దాన్ని నేస్తంగా నమ్మిన పిల్లలకు ఏం చెప్పాలో తల్లిదండ్రులకు తోచలేదు. భర్తను, స్నేహితురాళ్లను పోగొట్టుకున్న ఎనభై ఏళ్ల మనిషికి అదే మాట చెప్పాల్సివస్తే చెప్పేదెవరు? ఆ ఇంట్లో ఇంకెవరూ లేరనే కదా బొమ్మను పంపింది!

వృద్ధులంటే ఎప్పుడూ పుచ్చుకునేవాళ్లేనన్న చూపులోనే తప్పుంది. జింబాబ్వేలో మానసిక వైద్యుడు డిక్సన్ చిబాండా 2006లో హరారేలో ఏం చేశారో చూడండి. వైద్యులు లేరు, డబ్బు లేదు. ఊళ్లోని బామ్మలకు శిక్షణ ఇచ్చి ఆరోగ్య కేంద్రాల ఆవరణల్లో చెక్క బెంచీల మీద కూర్చోబెట్టారు. దిగులుతో వచ్చినవాళ్లతో వాళ్లు మాట్లాడతారు, వింటారు, ఏం చేయవచ్చో కలిసి ఆలోచిస్తారు. ఆ బెంచీల దగ్గరకు వచ్చినవారిలో కుంగుబాటు లక్షణాలు మామూలు చికిత్స పొందినవారికన్నా బాగా తగ్గాయని 2016లో వెలువడిన పరీక్ష ఫలితాలు చెప్పాయి. అంటే డబ్బు లేని చోట బామ్మలకు పని అప్పగించారు, డబ్బున్న చోట వాళ్ల చేతికి బొమ్మనిచ్చి కూర్చోమంటున్నారు.

యంత్రాలు పంచే ప్రభుత్వాలకు మా డిమాండు ఒక్కటే. ఎన్ని బొమ్మలు పంచారో చెప్పే కాగితం మీదే, గత పదేళ్లలో ఎన్ని కౌంటర్లు, ఎన్ని గ్రంథాలయాలు, ఎన్ని బస్సు సర్వీసులు ఎత్తేశారో, ఎంతమంది ఇంటింటి కార్యకర్తలను తగ్గించారో కూడా అచ్చువేయండి. ఎత్తేసినవాటిలో ఎన్నింటిని, ఏ తేదీలోగా తిరిగి తెరుస్తారో రాయండి. ఇంట్లో బొమ్మ ఉందన్న కారణంగా ఏ వృద్ధుడి ఇంటికీ మనిషి రాకడ ఆగదని చట్టంలో పెట్టండి. ఈ మాత్రం చేతకాకపోతే ఒంటరితనం శాఖ అని తగిలించుకున్న బోర్డు దింపేయండి. గిల్లినవాళ్లే పాడే జోల వినే ఓపిక పెద్దవాళ్లకు లేదు, మాకూ లేదు.