ఒక్క ప్రింటర్, ఆఫీసంతా టెన్షన్

ఆఫీసులో అందరికీ కలిపి ఒకే ప్రింటర్ ఉండటం మంచిదే. దాన్ని పెట్టే తీరు చూస్తేనే ఒళ్లు మండుతుంది. సిస్టమ్‌లు బిగించడానికి వచ్చినవాళ్లు ఎవరో ఒకరి కంప్యూటర్‌కి యూఎస్‌బీ కేబుల్ తగిలించి, అక్కడి నుంచి షేర్ చేసి చేతులు దులుపుకుంటారు. ఆ మనిషి సిస్టమ్ ఆపేసి సెలవు మీద వెళ్తే మిగతావాళ్లకి ఒక్క కాగితం రాదు.

నెట్‌వర్క్ ప్రింటర్ (ఎవరి కంప్యూటర్‌తోనూ పని లేకుండా నేరుగా ఆఫీసు నెట్‌వర్క్‌కి కలిసేది) కొన్నా బాధ తీరట్లేదు. నెట్‌వర్క్‌లో ప్రింటర్‌ని గుర్తుపట్టే నంబర్, అంటే ఐపీ అడ్రస్, ఇచ్చే పనిని రూటర్‌కే వదిలేస్తారు. కరెంటు పోయి వచ్చాక ఒక్కోసారి రూటర్ దానికి వేరే నంబర్ ఇస్తుంది. కంప్యూటర్లన్నీ పాత నంబర్‌కే పంపి, 'ఆఫ్‌లైన్' అని చూపిస్తాయి. ప్రింటర్ మాత్రం ఎదురుగా లైటు వెలుగుతూ బాగానే ఉంటుంది! అవతల జీతాల బిల్లు కోసం మేనేజర్ కేకలు. రూటర్‌లో ఆ ప్రింటర్ మ్యాక్ అడ్రస్‌కి (తయారీలోనే వచ్చే గుర్తింపు నంబర్‌కి) ఒక ఐపీని రిజర్వ్ చేయడం ఐదు నిమిషాల పని. ఎందుకు చేయరు?

ఇక డ్రైవర్లు, అంటే కంప్యూటర్ ప్రింటర్‌తో మాట్లాడటానికి కావాల్సిన సాఫ్ట్‌వేర్లు. 2021లో విండోస్ ప్రింటింగ్‌లో 'ప్రింట్‌నైట్‌మేర్' అనే భద్రతా లోపం బయటపడ్డాక, షేర్ చేసిన ప్రింటర్‌కి కొత్త డ్రైవర్ వేయాలంటే విండోస్ అడ్మిన్ (సిస్టమ్‌పై పూర్తి అధికారం ఉన్న ఖాతా) పాస్‌వర్డ్ అడుగుతోంది. భద్రత కోసమే, కాదనను. కానీ మా దగ్గర ఆ పాస్‌వర్డ్ తెలిసినాయన వారానికోసారి వస్తాడు. కొత్తగా చేరిన అమ్మాయి అప్పటిదాకా పెన్‌డ్రైవ్ పట్టుకుని పక్క సీటువాళ్లని బతిమాలుకోవాలి. అందులో జనం ఆధార్ కాపీలుంటాయి, అవి ఎవరెవరి సిస్టమ్‌లలోనో మిగిలిపోతున్నాయి. కొత్త సిస్టమ్ పెట్టిన రోజే ప్రింటర్ కూడా కలిపి, టెస్ట్ పేజీ తీసి చూపించాకే వెళ్లండయ్యా.