‘రెడీ టు రన్’ స్టిక్కర్ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ నైట్రో ట్రక్కు (ఇంధనం పోసి, రిమోట్‌తో నడిపే బుల్లి ట్రక్కు) పెట్టె మీది ‘రెడీ టు రన్’ స్టిక్కర్ గారి దివ్య సముఖమునకు,

నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. ఇక్కడ అందరం క్షేమం, స్టార్టర్ తాడు లాగిన కుడి భుజం ఒక్కటి తప్ప.

ఈ ఆదివారం మధ్యాహ్నమంతా తమ సేవలోనే గడిచింది. తమరిచ్చిన మాట పరుగు గురించి కదా. పరుగు దాకా ఎందుకు, ఇంజిన్ ఒక్కసారి దగ్గినా సంతోషించేవాళ్లం.

పెట్టెలో ఏమేం లేవో తమరికి గుర్తు చేయడం సాహసమే. ఇంధనం లేదు. దాన్ని పోసే సీసా లేదు. ఇంధనాన్ని మండించే గ్లో ప్లగ్‌ను వెలిగించే ఇగ్నైటర్ లేదు. బ్యాటరీలు లేవు. వేడి చూసే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ లేదు. ఆట అయిపోయాక ఇంజిన్‌లో నాలుగు చుక్కలు వేయాల్సిన ఆఫ్టర్ రన్ ఆయిల్ ఊసే లేదు. ఇంధనమేమో బంకులో దొరికేది కాదు: మిథనాల్, ట్రక్కుకైతే 20 శాతం చుట్టూ నైట్రోమీథేన్, మిగతాది ఆముదమూ సింథటిక్ నూనె. మండే సరుకని మామూలు కొరియర్‌వాడు ముట్టుకోడు. నల్గొండ, మహబూబ్‌నగర్ చేలల్లో పండే ఆముదం చేతికందుతుంది గానీ, దాన్ని కలపాల్సిన నైట్రో మాత్రం అందదు. సరే, ఇవన్నీ చిల్లర ఫిర్యాదులు. వదిలేస్తాం.

వదలలేనిది ఒకటుంది.

తమరి పెట్టెలో ఉన్నది పిస్టన్‌కు రింగుల్లేని ఇంజిన్. అల్యూమినియం పిస్టన్, అది కదిలే ఇత్తడి గొట్టం (స్లీవ్), దాని లోపల క్రోమ్ పూత. ఆ స్లీవ్ లోపలి దారి పైకి పోయేకొద్దీ ఇరుకవుతుంది. చల్లగా ఉన్నప్పుడు పిస్టన్ పై కొసకు రాగానే బిగుసుకుపోతుంది. దాన్నే పించ్ అంటారు. ఇంజిన్ నడిచే వేడికి ఇత్తడి వ్యాకోచిస్తుంది. మంట పైభాగంలోనే గనక అక్కడ ఎక్కువ విచ్చుకుంటుంది. అప్పుడు గానీ పిస్టన్‌కు సరైన దారి ఏర్పడదు. అంటే ఈ ఇంజిన్ కొలతలు వేడి మీద సరిపోయేలా తీసినవి. కొత్త చెప్పు కరిచినట్టు చల్లటి కొత్త ఇంజిన్ కరవడం దాని తప్పు కాదు. కరుస్తుందని చెప్పకుండా తొడిగించినవారిది తప్పు.

తమరేం చెప్పారు? తాడు లాగండి, అన్నారు. లాగాం. పించ్ దగ్గర ఆగింది. గట్టిగా లాగితే తాడైనా తెగుతుంది, స్టార్టర్ వన్ వే బేరింగైనా జారిపోతుంది. తాడును జానెడు, మహా అయితే జానెడున్నర మించి లాగకూడదనీ, కొసదాకా లాగితే లోపలి స్ప్రింగు పోతుందనీ తమరు ఎక్కడైనా అచ్చు వేయించారా? హెయిర్ డ్రయ్యరో హీట్ గన్నో పట్టి ఇంజిన్ హెడ్‌ను 70, 80 డిగ్రీల సెల్సియస్ దాకా వేడి చేస్తే అదే తాడు రెండు వేళ్లతో కదులుతుంది. ఈ ఒక్క ముక్క పెట్టె మీద ఉంటే ఎన్ని భుజాలు బతికేవో!

అంతటితో అయిందా? తమరి పక్కన మడత పెట్టి ఉంచిన కరపత్రం మరో ఘనకార్యం చేసింది. మొదటి ట్యాంకులు ట్రక్కును ఇటుక మీద నిలబెట్టి, బాగా రిచ్‌గా (గాలి తక్కువ, ఇంధనం ఎక్కువ), ఐడిల్‌లో కాల్చేయమంది. అలా చేస్తే హెడ్ సరిగ్గా వేడెక్కడమే కష్టం. స్లీవ్ విచ్చుకోదు. నిమిషానికి వేలసార్లు పిస్టన్ వెళ్లి ఆ ఇరుకులో గుద్దుకుంటుంది. కనెక్టింగ్ రాడ్ బుషింగులు సాగుతాయి, పిస్టన్ అంచు అరుగుతుంది. ఇంజిన్ పుట్టిన రోజే ముసలిదైపోతుంది. రిచ్‌గా ఉంచమన్నది నూనె ఎక్కువ అందాలని, చల్లగా ఉంచాలని కాదు బాబూ! హెడ్ చుట్టూ అల్యూమినియం ఫాయిల్ చుట్టండి, 95 నుంచి 105 డిగ్రీల మధ్య నిలపండి, నేల మీద సగం థ్రాటిల్‌తో చిన్న చిన్న పరుగులు తీయించండి, పొగ గీత కనిపించేలా రిచ్‌గా ఉంచండి. కొన్ని నిమిషాలకోసారి ఆపి పూర్తిగా చల్లారనివ్వండి. ఆపాక ఫ్లైవీల్ తిప్పి పిస్టన్‌ను అడుక్కి దించండి. పైన వదిలేస్తే చల్లారే స్లీవ్ దాన్ని నొక్కి పట్టి పించ్ పాడవుతుంది. ఫ్లైవీల్ మీద అడుగు స్థానానికి మార్కర్‌తో ఒక గుర్తు పెట్టుకుంటే చాలు. ఇలా ఐదారు ట్యాంకులు కాలాక గానీ అసలు ట్యూనింగు జోలికి పోకూడదు. ఇందులో అర్థం కానిది ఏముందయ్యా? రాసి చావడానికి నీకేం అడ్డొచ్చింది? పెట్టె మీద నీకు జానెడు చోటు దొరికింది, ఇంజిన్ ప్రాణం కాపాడే నాలుగు వాక్యాలకు దొరకలేదా?

క్షమించాలి. మర్యాద తప్పింది.

కార్బ్యురేటర్ దాకా ఇంధనం రప్పించడానికి సైలెన్సర్ మూతికి వేలు అడ్డం పెట్టి తాడు లాగమన్నారు. ఎంతసేపో చెప్పలేదు. ఒకటి రెండు లాగుళ్లు చాలు. అది దాటితే సిలిండర్ ముక్కుదాకా తాగేస్తుంది, ద్రవం నొక్కుకోదు, తాడు రాయిలా బిగుస్తుంది. అప్పుడు ప్లగ్ విప్పి, పైన గుడ్డ కప్పి, నాలుగుసార్లు లాగి కక్కించాలి. మిథనాల్ కళ్లలో పడితే ప్రమాదం, అంటుకుంటే పగటి వెలుగులో మంట కనబడదు. ఈ సంగతి కరపత్రం చివరి పేజీలో చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది, ధన్యవాదాలు.

ఇంధనం పాళ్లు సరిచేసే స్క్రూ, అదే నీడిల్, ఫ్యాక్టరీ సెట్టింగులోనే ఉందట. ఏ ఊరి గాలికి సెట్ చేశారో? విశాఖ సముద్రపు ఒడ్డున కుదిరిన నీడిల్, 500 మీటర్లకు పైన ఉన్న హైదరాబాద్‌లో రిచ్ అవుతుంది. గాలి పలచబడింది కాబట్టి. మే నెల మధ్యాహ్నం ఒక లెక్క, డిసెంబరు పొద్దున మరో లెక్క. కుడికి తిప్పితే ఇంధనం తగ్గి లీన్, ఎడమకు తిప్పితే రిచ్, ఒక్కసారికి చుట్టులో ఎనిమిదో వంతు మించకుండా. పొగ మాయమై, కూత సన్నబడి, థర్మామీటర్ 130 దాటిందంటే వెంటనే ఎడమకు. ఐడిల్ దానంతటదే పెరిగిపోతుంటే నీడిల్‌ను తిట్టకుండా గాలి చొరబడే చోట్లు, అంటే కార్బ్యురేటర్ అడుగున ‘ఓ-రింగు’ అనే రబ్బరు చుట్ట, ట్యాంకు మూత సీలు, ఇంధనం గొట్టంలో సూది బెజ్జం చూసుకోవాలి.

ఇదంతా భరించాక, హెడ్ వంద డిగ్రీలు దాటి, పిస్టన్ దారి దొరికి, ఆ బుల్లి టూ స్ట్రోక్ ఒక్కసారిగా గొంతు విప్పి నీలిపొగ వదిలినప్పుడు, ఆముదం వాసనకు పక్కింటి ఆంటీ కిటికీ మూసేసినప్పుడు, ఏం చెప్పమంటారు, తమరి మీద కోపం నిలబడదు. ఆ ఇత్తడి స్లీవ్ వాలును లెక్కగట్టినవాడు దొరికితే దణ్ణం పెట్టాలనిపిస్తుంది. ఆ దణ్ణంలో తమరికి వాటా లేదు.

ఇట్లు,
తమ విధేయుడు కాలేని
ఒక కొనుగోలుదారు

తా.క.: పెట్టెలో రంగురంగుల స్టిక్కర్లు రెండు షీట్లు అదనంగా పెట్టారు, భేషుగ్గా అతుక్కున్నాయి. బ్రేక్ ఇన్‌లో, అంటే ఆ మొదటి ట్యాంకుల్లో, రాలే లోహపు నలుసులు కాయిల్‌కు పట్టి మొదటి గ్లో ప్లగ్ ఎలాగూ పోతుందని తెలిసీ, అదనపు ప్లగ్ మాత్రం ఒక్కటీ పెట్టలేదు.