ఫోన్ చేయని రిపోర్టు

తుంటి ఆపరేషన్‌కు ముందు ఛాతీ ఎక్స్‌రే తీస్తారు. ఊపిరితిత్తిలో చిన్న గడ్డ ఉందని రేడియాలజిస్టు రాస్తారు. ఎముకల డాక్టరు ధ్యాస తుంటి మీద, మత్తు డాక్టరు ధ్యాస గుండె మీద. రిపోర్టు కవరులోకి, కవరు బీరువాలోకి పోతుంది. ఏడాదికి రోగి దగ్గుతో వచ్చేసరికి గడ్డ ముదిరి ఉంటుంది. ఫిల్ము చదవడంలో పొరపాటు లేదు, చెప్పడంలోనే ఉంది. స్కానింగ్ కేంద్రాలు ముందు సరిదిద్దుకోవాల్సింది ఇదేనని మా అభిప్రాయం.

మెదడులో రక్తస్రావం, ఛాతీలో గాలి చేరి ఊపిరితిత్తి నలిగిపోవడం వంటివి కనబడితే రిపోర్టు టైపయ్యేదాకా ఆగకూడదు. చికిత్స చేస్తున్న డాక్టరుకే ఫోన్ చేసి, ఎవరికి, ఏ సమయానికి చెప్పారో రిపోర్టులోనే రాయాలి. గడ్డ లాంటి అనుకోని సంగతులైతే తర్వాత ఏ పరీక్ష, ఎన్నాళ్లకు చేయించాలో స్పష్టంగా ఉండాలి. ‘క్లినికల్ కోరిలేషన్ అవసరం’ (రోగి లక్షణాలతో పోల్చి చూసుకోండి) అన్న అరిగిపోయిన వాక్యం రోగినీ కాపాడదు, రాసినవారినీ కాపాడదు.

పంపే డాక్టర్ల బాధ్యతా తక్కువేం కాదు. చీటీ మీద ‘సీటీ బ్రెయిన్’ అని గిలికితే చాలదు. పక్షవాతం వచ్చిన తొలి గంటల్లో సీటీ మామూలుగానే కనిపించవచ్చు. ‘కుడి చెయ్యి రెండు గంటల క్రితం పడిపోయింది’ అని రాస్తే, చదివేవారు ఆ చేతిని నడిపే మెదడు ఎడమ భాగాన్ని పట్టిపట్టి చూస్తారు.

స్కాన్ స్పష్టంగా కనబడేందుకు ఎక్కించే కాంట్రాస్ట్ మందు ఇచ్చే ముందు పాత అలర్జీ, కిడ్నీల పనితీరు అడిగి తెలుసుకోవాలి. కిడ్నీల వడపోత శక్తిని చెప్పే ఈజీఎఫ్ఆర్ 30 లోపుంటే షుగర్ మందు మెట్‌ఫార్మిన్ ఆపి, 48 గంటల తర్వాత కిడ్నీ పరీక్ష చూసి మళ్లీ మొదలుపెట్టాలి. తీవ్ర అలర్జీకి ఇచ్చే అడ్రినలిన్ ఇంజెక్షన్ స్కాన్ గదిలోనే ఉండాలి. తీవ్రమైన రియాక్షన్ వస్తే పెద్దలకు తొడ కండరంలో 0.5 మిల్లీగ్రాములు వెంటనే ఇవ్వాలి. స్టోర్ తాళం వెతికే వ్యవధి ఉండదు.

ఎమ్మారై అయస్కాంతం స్కాన్ లేనప్పుడూ పనిచేస్తూనే ఉంటుంది. 2018లో ముంబయి నాయర్ ఆస్పత్రిలో ఆక్సిజన్ సిలిండర్‌తో లోపలికి వెళ్లిన రోగి బంధువు ప్రాణమే పోయింది. తలుపు దగ్గర బోర్డు పెట్టి ఊరుకోకుండా, ఆపగలిగే మనిషిని కూడా ఉంచాలి.

రోగి తన రికార్డులు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని 2002 నాటి వైద్య నియమావళి చెబుతోంది. తనిఖీకి వెళ్లే వైద్యారోగ్య అధికారులు రిజిస్ట్రేషన్, గర్భిణుల స్కానింగ్ వివరాలు రాసే ఫారం-ఎఫ్‌లతో పాటు అత్యవసర ఫోన్ల నమోదునూ అడగాలి.