చెయ్యి ఊపితేనే నడిచే దొరవారికి

నల్లగొండ,
ఆదివారం. టైం వంటింట్లకు పోయి అడిగొచ్చి వేస్త.

శ్రీయుత గౌరవనీయులైన జపాన్ ఆటోమేటిక్ వాచీ దొరవారికి,

విషయం: తమరిని ఎంచుకొనుటకు పట్టిన నాలుగు నెలలు, తమరిని ఊపుటకు పట్టిన పదకొండు నెలలు తిరిగి ఇప్పించుట గురించి.

ఆర్యా,

ఇరవై రెండేండ్ల గుమాస్తాగిరి అలవాటు కొద్ది 'తమరు' అని మొదలుపెట్టిన. ఇగ ఒద్దు. పగలంత చెయ్యి పట్టుకొని తిరిగినోనితోని మర్యాదలేంది, నువ్వు అనే అంట. నీ కంపెనీ పేరు ఈ కాగితం మీద రాయను. నా కొట్లాట కంపెనీతోని గాదు, నీ జాతితోని.

మా నాయినకు పెండ్లిల అత్తగారు పెట్టిన హెచ్ఎంటీ జనత ఉండె. పొద్దున రేడియోల ప్రాంతీయ వార్తలు మొదలుగాంగనే అరుగు మీద కూసొని దానికి చావి తిప్పేటోడు. కర్రు కర్రుమని, ఇగ తిరగదని వేలికి తెలిసేదాక తిప్పి బుష్‌షర్టు అంచుతోని అద్దం తుడిచి చేతికి పెట్టుకునేటోడు. మల్ల తెల్లారేదాక దాని జోలికి పోయింది లేదు. ఆ వాచీకి గూడ అక్షరాలు దిద్దించింది మీ జపానోళ్లే. 1961ల బెంగళూరుల హెచ్ఎంటీ వాచీల ఫ్యాక్టరీ మొదలైనప్పుడు పనితనం నేర్పింది సిటిజన్ కంపెనీ. ఆ పేరు ముచ్చట గూడ బాగుంటది. 1924ల టోక్యోల ఒక జేబు గడియారానికి 'సిటిజన్' అని పేరు పెట్టింది ఆ ఊరికి మేయర్‌గ చేసిన గోటో షింపే. మామూలు మనిషికి గూడ అందాలె అని ఆయన ఆశ. ఆడ సిటిజన్, ఈడ జనత. నడుమ సముద్రం ఉన్నా ఇద్దరూ ఫస్టు తారీఖు కోసం చూసేటోళ్లే.

నాకు వాచీ అవసరం ఉండెనా అంటె, లేకుండె. టైం ఫోన్ల ఉన్నది. ఆఫీసు హాజరు ఫోన్ల మొఖం చూపెడితె పడుతది. ఊరి నడుమ క్లాక్ టవర్ సెంటరే ఉన్నది. బస్సు దిగినోడు 'క్లాక్ టవర్ కాడ ఉన్న' అంటడు గాని టైం ఎంతయిందో ఎవ్వడు చెప్పడు, మీటింగులైనా ధర్నాలైనా ఆడనే. అసలు సంగతేందంటె బకాయిపడ్డ డీఏ ఒక్కసారి ఖాతాల పడ్డది. పైసలు పడ్డ రాత్రి నిద్రపట్టక ఫోన్ల వీడియోలు చూస్తుంటె, మీసం గూడ సరిగ రాని పోరడొకడు 'బ్యాటరీ వాచీకి గుండె ఉండదు' అన్నడు. నలభై ఏడేండ్లు గుండె లేని వాచీలు పెట్టుకొని బతికిన్నా అని కండ్లల్ల నీళ్లు తిరిగినయ్.

అప్పటిసంది నాలుగు నెలలు. స్విస్ వాచీల రేట్లు చూస్తె దేవరకొండ రోడ్డు మీద ప్లాట్ల రేట్లు యాదికొచ్చినయ్, ఆ కిటికీ మూసేసిన. మిగిలింది జపాన్. చెల్లె పెండ్లికి గూడ నేను గంతగనం సంబంధాలు చూడలే. సీకో అంటె పెద్దింటి సంబంధం. హట్టోరి కింటారో అనేటాయన 1881ల టోక్యో గింజా దిక్కు దుకాణం పెట్టిండు. 1923 భూకంపంల ఆయన ఫ్యాక్టరీ కాలిపోయింది, రిపేరుకిచ్చిన జనం గడియారాలు పదిహేను వందల దాక దాంట్లనే బుగ్గయినయ్. ఆయన పేపర్ల ప్రకటన ఇచ్చి, పోయినదానికి బదులు అసుమంటిదే కొత్తది ఉత్తగ ఇచ్చిండు. రిపేరుకిచ్చిన మిక్సీ మూతను ఇంకా సాధించుకోలేకపోతున్న మనిషిని, ఈ కథ చదివి ఆ రాత్రి రెండోసారి ఏడ్చిన. ఓరియెంట్ కంపెనీ ఈ పేరు 1951ల పెట్టుకున్నది. అందగత్తె, రేటు తక్కువ. బాంబినో అని ఒక రకం ఉంటది, డయల్ మీద అద్దం చలిమిడి ముద్ద లెక్క ఉబ్బి పాత సినిమాల జమీందారు వాచీ తీరుంటది. తీర కుదుర్చుకుందామనేటాళ్లకు తెలిసింది, ఆ పిల్ల ఎప్పుడో సీకో దాయాదులైన ఎప్సన్ ఇంటికి ఇల్లరికం పోయిందని. ప్రింటర్ల ఎప్సనే. సిటిజన్ది, మా నాయిన వాచీకి గురువు ఇల్లు కాబట్టి, మేనరికం కిందికి వస్తది. కొంచెం భయపడ్డ.

ఆ నాలుగు నెలలల్ల నాకు తెల్సిన పెద్ద సంగతి ఇంకోటున్నది. 1969 డిసెంబరు 25 నాడు బ్యాటరీతోని నడిచే క్వార్ట్జ్ చేతి గడియారం ఆస్ట్రాన్‌ను లోకానికి తెచ్చింది సీకోనే. దాని రేటు 4,50,000 యెన్లు, అప్పట్ల ఓ చిన్న కారుకు సరిసమానం. ఆ తర్వాత పదిహేనేండ్లల్ల స్విట్జర్లాండుల చావి గడియారాల కార్ఖానలు ఎన్నో తాళం వేసుకున్నయ్. ఇల్లు కాలి ఒకడు ఏడుస్తుంటె చుట్టకు నిప్పడిగినోడు ఇంకొకడని సామెత ఉండనే ఉన్నది. మీ ఇంట్లోళ్లు ఇంకో ఆకు ఎక్కువ చదివిన్రు. నిప్పు వాళ్లదే, యాభై ఏండ్ల తర్వాత నాకు చుట్ట అమ్మింది వాళ్లే.

ఆ చుట్ట రుచి ఎసుంటిదో జర చెప్త. బ్యాటరీ వాచీల ఉండే స్ఫటికం సెకనుకు 32,768 సార్లు కొట్టుకుంటది, నెల మొత్తంల పదిహేను సెకండ్లు అటో ఇటో అయితది. నువ్వు సెకనుకు ఆరుసార్లు కొట్టుకుంటవు. మీ జాతిల పేరుపోయిన 4ఆర్36 మిషన్‌కు సీకో కంపెనీ తనకు తానే రోజుకు 45 సెకండ్లు ముందుకైనా 35 సెకండ్లు ఎనకకైనా పోవచ్చని రాసిచ్చింది. అంటె తప్పు చేసే హక్కు కాగితం మీద పెట్టుకొని పుట్టినవు. మా ఆఫీసుల గిట్ల రాసుకొని చేరినోడు ఒక్కడు గూడ లేడు, చెయ్యకుంటనా అంటె చేస్తరు. నువ్వు నా చేతికొచ్చినంక రోజుకు ఇరవై సెకండ్లు ముందుకురికినవు. నెలకు పది నిమిషాలు. రెండు నెలలు నిన్ను ఫోన్‌తోని సరిచెయ్యకుంట, ఆగినప్పుడు గూడ నీ ముందున్న లెక్కనే కలిపి పెట్టి నమ్మి, ఇరవై నిమిషాలు ముందుగాల పోయి తాళం తీసే అటెండరు కోసం గేటు కాడ నిలవడ్డ. 'సార్, ఇంట్ల ఏమన్న గొడవనా' అని ఆయన నెమ్మదిగ అడిగిండు.

ఎంచుకునే దిక్కుకే వస్త. నీళ్ల లెక్క చూసినవా? 200 మీటర్లు అని డయల్ మీద రాసి ఉంటె గాని మనసొప్పదు మాకు. 30 మీటర్లు అని రాస్తె చెయ్యి కడుక్కునేటందుకు సరిపోతది, ఈతకు దిగాల్నంటె 100 ఉండాలెనట. ఈ లెక్కలన్ని వల్లెవేసిన. వేసినంక సోయికొచ్చింది, నాకు ఈత రాదు. వచ్చినా నాగార్జునసాగర్ డ్యామే పునాది కెల్లి 124 మీటర్లు. 200 మీటర్లంటె 650 ఫీట్ల పైన. మా జిల్లాల అంత లోతుకు పోయేది బోరుబండి ఒక్కటే, అది గూడ నీళ్లు చూడకుంట దుబ్బతోని ఎనకకొస్తది.

కెంపుల ముచ్చట మా అమ్మ కాడ ఎత్తుడు నా బుద్ధితక్కువ. లోపల 21 కెంపులుంటయ్ అమ్మా అన్న. పొరకపుల్లలు ఏరుతున్న మనిషి చెయ్యి ఆపి 'అన్ని తీపిస్తె ఒక జత కమ్మలు కావారా' అన్నది. చక్రాల ఇరుసులు అరగకుంట పెట్టే రాళ్లు, మిషన్ల చేసిన కెంపులు, ఆవగింజంత గూడ ఉండవని అరగంట చెప్పిన. 'మరి అంత రేటెందుకు పెట్టినవు' అని అడిగింది. దానికి నా కాడ జవాబు ఇప్పటికి లేదు, నీ కాడుంటె రాసి పంపు.

సైజు కోసమైతె చేతికి మూడు దిక్కుల స్కేలు పెట్టి చూసిన. 38 మిల్లీమీటర్లా, 40ఆ, 42ఆ? బెల్టు తగిలే కొమ్ముల నడుమ ఎంత? మా ఇంటామె గాజుల దుకాణంల చెయ్యి చాపుతది, ఆయన ఒక్క చూపు చూసి 'టూ సిక్స్' అంటడు, ఖతం. నేను అట్టముక్కలు గుండ్రంగ కత్తిరించి పెన్నుతోని ముల్లులు గీసి, చేతికి దారంతోని కట్టుకొని వారం రోజులు ఇంట్ల తిరిగిన. 'నాయినకు చిన్నప్పుడు ఎవ్వరు తాటాకు గడియారం చేసియ్యలేదా' అని మా బిడ్డ వాళ్ల అమ్మను అడిగింది.

సీకో ఫైవ్ అయితె మా పాలమూరు మేనమామ చేతికి ఎప్పటిసందో ఉన్నది. ఆయన బొంబాయి బస్సెక్కి పోయి రెండేండ్లకు వచ్చినప్పుడు నెమలిరంగు డయల్, ఎర్ర ముల్లు, ధగధగ మెరిసే చైనుతోని దిగిండు. ఊరంత చూసింది. నేను ఈ చదువు చదివినంకనే తెలిసింది, దీనికి 'ముంబయి స్పెషల్' అని లోకమంత పేరున్నదని. లోపల పాత మిషన్ నిజమే, పైన డయల్‌కు మాత్రం కొత్త రంగేసి ముల్లులు వేరే వాచీవి తగిలిస్తరు. ఫ్యాక్టరీల పుట్టని రంగు కనబడ్డదంటె కొనొద్దని పెద్దలు చెప్తరు. మామకు మాత్రం చెప్పలే. ఆయనది ఇంకా నడుస్తున్నది, నీ తీరుగ అలుగుతలేదు.

ఇంత చదివి హైదరాబాదుకు పోయిన. బస్సుల గూడ చీటీ తీసి మూడుసార్లు చదువుకున్న. షాపుల పోరడు నా చీటీ చూసి, ఇంకో పెట్టె తెరిచి నిన్ను నా చేతికి పెట్టి, 'సార్, మీ చేతికి ఇదే సూటయితది, పాత స్టాకు, తగ్గిస్తం' అన్నడు. అయిదు నిమిషాలు. నాలుగు నెలల చదువు బిల్లు ఎనక మడిచి జేబుల పెట్టుకున్న. నువ్వు చేత్తోని చావి తిప్పనియ్యని పాత రకమని ఇంటికొచ్చినంక తెలిసింది. మొదటి సోమవారమే తెలిసింది. రెండో శనివారం, ఆదివారం బీరువల పడి ఉంటివి. నిండుగ తాగినా నలభై గంటలే నీ ఓపిక. చావి తిప్పితె ఉత్తగ తిరిగింది. చేతుల పెట్టుకొని, మా అమ్మ చాట చెరిగినట్టు అటు ఇటు చెరిగిన. ముల్లు కదిలింది. అప్పటిసంది ప్రతి సోమవారం నల్లగొండల ఒక గుమాస్తా పొద్దుపొద్దుగాల గడప మీద నిలబడి తాలు చెరుగుతున్నడు, గింజలు మాత్రం రాలుతలేవు.

ప్రకాశం బజారు దిక్కు ఒక చాచా ఉన్నడు, అద్దాల డబ్బా ముందట కంటికి భూతద్దం బిగించుకొని కూసుంటడు. నిన్ను తీస్కపోయి చూపెట్టిన. ఎనక మూత విప్పిండు. లోపల సగం చంద్రుని తీరు బరువు బిళ్ల, చెయ్యి వంచితె జారుతున్నది. 'మోట కొట్టుడు చూసినవా బేటా?' అన్నడు. చూసిన, మా తాత బాయి కాడ. ఎద్దులు కిందికి దిగితె నీళ్లొస్తయి, ఎనకకు నడిస్తె ఉత్త బొక్కెన దిగుతది. సిటిజన్ ఇంటి మియోటా మిషన్లల్ల 82 వరుస గట్లనే ఒక్క దిక్కు తిరిగితేనే చావి ఎక్కుతదట, ఇంకో దిక్కు బిళ్ల గిర్రున ఉత్తగ తిరుగుతది. సీకోది 1959సంది మ్యాజిక్ లీవర్. రెండు కొక్కేలుంటయ్, ఒకటి గుంజితె ఒకటి నూకుతది, బిళ్ల ఎటు పోయినా లోపలి స్ప్రింగు చుట్టుకుంటనే ఉంటది. ఎద్దులు ఎనకకు నడిచినా నీళ్లొచ్చే మోట. ఇంత తెలివి చూసి దండం పెట్టాలె, పెట్టిన.

'మరి నాదెందుకు ఆగుతున్నది చాచా?'

'పగలంత ఏం పని చేస్తవు?'

'కుర్చీల. కంప్యూటరు ముందట.'

'ఎడమచెయ్యి?'

'టేబుల్ మీద ఉంటది.'

మూత బిగించి నా చేతులనే పెట్టిండు. 'దీనికేం బీమారి లేదు' అన్నడు. మిగిలిన బీమారి ఎవరిదో చెప్పలే, మర్యాదస్తుడు. ఆయన చేతికి చూస్తె రెండు వందల బ్యాటరీ వాచీ.

ఈ జిల్లాల వెట్టి ఎప్పుడో బందయిందని పిల్లలకు పాఠాలు చెప్తరు. నేను రాత్రి అన్నం తిన్నంక టీవీ ముందట ఎడమచెయ్యి ఊపుకుంట కూసున్న. నీ బాంచెన్, ఇంకొక్క అరగంట నడువు అని. నడకకు పానగల్లు కట్ట దాక పోయిన, చెయ్యి ఎక్కువ ఊపుకుంట. ఎదురొచ్చినోళ్లు పిలిచిన్నేమో అనుకొని ఆగిన్రు.

పోయిన నెల మా ఇంటామె బ్యాటరీ వాచీ ఆగింది. శనివారం పొద్దున బీరువల నిన్ను చూసి, గాజులు పైకి నూకి చేతికి తగిలించుకున్నది. చైను మోచెయ్యి దాక జారుతుంటె రబ్బరుబ్యాండు వేసుకున్నది. ఆ రెండు దినాలల్ల ఆమె వాకిలి ఊడ్చింది, బట్టలు పిండింది, బియ్యం చెరిగింది, అల్లం దంచింది, మా అమ్మకు కాళ్లకు నూనె రాసింది, రెండు పూటల జొన్నరొట్టెలు కొట్టింది. ఆదివారం రాత్రి చెయ్యి కడుక్కొని నిన్ను కిటికీల పెట్టి పండుకున్నది. సోమవారం పొద్దున చెరుగుదామని వస్తి. నడుస్తున్నవు. మంగళవారం పొద్దున గూడ, ఎవ్వరు ముట్టకుంటనే, నడుస్తున్నవు. దగ్గరికి తీసి చూసిన. చైను లింకుల సందులల్ల జొన్నపిండి ఎండి తెల్లగ గీతలు పడ్డయ్. అద్దం మీద బొటనవేలి నూనె ముద్ర. పదకొండు నెలలల్ల నీ ఒంటి మీద పని మరక పడుడు అదే మొదలు.

మల్ల చాచా కాడికి పోయిన. చిన్న సుత్తెతోని పిన్నులు కొట్టి మూడు లింకులు తీసిండు. 'ఎవరికి?' అన్నడు. చెప్పిన. పైసలు తీసుకోలే.

ఇప్పుడు టైం కావాల్నంటె వంటింట్లకు పోయి అడుగుతున్న. 'చేతులు పిండిల ఉన్నయ్, ఫోన్ల చూస్కో' అంటది.

ఇట్లు,
తమరి మాజీ ఎద్దు

జతపరిచినవి: చైను లింకులు, మూడు.