పరిహారం హక్కు ఎక్కడికీ పోలేదు

2025 నవంబర్ 21న కొత్త కార్మిక చట్టాలైన లేబర్ కోడ్లు అమల్లోకి వచ్చినప్పటి నుంచి కూలీల ఫోన్లలో ఒక సందేశం తిరుగుతోంది. ‘1923 నాటి పరిహార చట్టం రద్దయింది. ఇక పనిలో ప్రమాదం జరిగితే యజమాని దయ తలిస్తేనే డబ్బు. కూలీ తప్పుంటే పైసా రాదు. కాంట్రాక్టు కూలీకి కంపెనీతో సంబంధం లేదు. రాజీ కాగితం రాసిస్తే అంతటితో సరి’ అన్నది దాని సారాంశం. ఇందులో మొదటి వాక్యం ఒక్కటే నిజం. మిగతావి నమ్మితే దిక్కు కోల్పోయిన కుటుంబం లక్షల రూపాయలు వదులుకుంటుంది.

పాత చట్టం పోయిన మాట నిజమే. కానీ అందులోని హక్కులు ఈ లేబర్ కోడ్లలో ఒకటైన సామాజిక భద్రతా కోడ్ ఏడో అధ్యాయంలోకి వచ్చి చేరాయి. కార్మికుడు మరణిస్తే నెల జీతంలో సగాన్ని, వయసును బట్టి చట్టం నిర్ణయించిన గుణకంతో హెచ్చించాలి. శాశ్వతంగా ఏ పనీ చేయలేని స్థితి వస్తే సగానికి బదులు 60 శాతం లెక్క. నలభై ఏళ్ల మనిషి, నెలకు 15,000 జీతం అనుకుందాం. సగం 7,500. ఆ వయసుకు గుణకం 184.17. హెచ్చిస్తే 13,81,275 రూపాయలు. ఇది ఎవరి దయా కాదు. కార్మికుల ప్రభుత్వ బీమా పథకం ఈఎస్ఐ ఉన్నవారికి మాత్రం ఈ మొత్తానికి బదులు ఈఎస్ఐ నుంచే ప్రయోజనాలు అందుతాయి.

కూలీ తప్పు సంగతి. అజాగ్రత్తగా ఉన్నాడన్న కారణంతో పరిహారం ఎగ్గొట్టడానికి వీల్లేదు. మద్యం లేదా మత్తుమందు మైకం వల్ల ప్రమాదం జరగడం, స్పష్టంగా చెప్పిన భద్రతా నియమాన్ని కావాలని ధిక్కరించడం, రక్షణ పరికరాన్ని కావాలని తొలగించడం, ఈ మూడింటికే మినహాయింపు ఉంది. మరణించినా, శాశ్వతంగా పూర్తి వైకల్యం వచ్చినా ఆ మినహాయింపులు కూడా యజమానికి అక్కరకు రావు. పోయిన మనిషి తాగి ఉన్నాడని చెప్పి భార్యను వెనక్కి పంపేవారు ఈ సంగతి ఆమెకు చెప్పరు.

కాంట్రాక్టర్ ఎవరో, మేస్త్రీ ఎవరో కంపెనీకి తెలియకపోవచ్చు. తన వ్యాపారంలో భాగమైన పనిని తన ఆవరణలో ఇంకొకరి చేత చేయించినా, పరిహారం బాధ్యత అసలు యజమానిదే. ఆ డబ్బును తర్వాత కాంట్రాక్టర్ దగ్గర రాబట్టుకోవడం వాళ్లిద్దరి వ్యవహారం.

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది రాజీ కాగితం. శవపరీక్ష ఇంకా పూర్తి కాదు, ఊరికి వెళ్లే అంబులెన్సు బయట సిద్ధంగా ఉంటుంది. యాభై వేలో లక్షో చేతిలో పెట్టి, రెవెన్యూ స్టాంపు అంటించిన కాగితం మీద భార్య వేలిముద్ర వేయిస్తారు. అందులో ఏం రాశారో ఆమెకు చదివి వినిపించేవారుండరు. పరిహారం హక్కును వదులుకున్నట్టు రాయించుకున్న ఏ ఒప్పందమైనా చట్టం దృష్టిలో చెల్లదు. పైగా మరణం కేసులో యజమాని ఆ సొమ్మును నేరుగా కుటుంబం చేతికిస్తే పరిహారం చెల్లించినట్టు కాదు, కార్మిక శాఖ అధికారి దగ్గర జమ చేయాలి. గడువు ఒక నెల. ఆలస్యం చేస్తే వడ్డీ కట్టాలి, ఆలస్యానికి సరైన కారణం లేకపోతే దానితో పాటు బకాయిలో సగం దాకా అదనంగా కూడా పడవచ్చు. కాబట్టి వేలిముద్ర వేసేశామని కుంగిపోయి ఇంట్లో కూర్చోవద్దు.

ఈ సందేశంలో కనిపించని మంచి మార్పులూ ఉన్నాయి. ఇంటి నుంచి పనికి వెళ్తూనో, తిరిగి వస్తూనో ప్రమాదానికి గురైతే, సమయం, స్థలం, పరిస్థితులకు పనితో సంబంధం ఉందని తేలినప్పుడు అదీ పనిలో జరిగినట్టే అని కోడ్ స్పష్టంగా చెప్పింది. డ్యూటీకి వెళ్తూ చక్కెర కర్మాగారానికి 5 కిలోమీటర్ల దూరంలో చనిపోయిన కాపలాదారు కేసులో సుప్రీంకోర్టు 2025 జులైలో, పాత చట్టం కిందే, కుటుంబం పక్షాన తీర్పునిచ్చింది. యజమాని భద్రతా విధులు విస్మరించడం వల్ల ప్రాణం పోతే రెండేళ్ల వరకు జైలు, లేదా కనీసం 5 లక్షల జరిమానా, లేదా రెండూ పడవచ్చని మరో లేబర్ కోడ్ అయిన వృత్తి భద్రతా కోడ్ అంటోంది. ఆ జరిమానాలో సగానికి తగ్గకుండా బాధిత కుటుంబానికి ఇమ్మని కోర్టు ఆదేశించవచ్చు. పనిలో చేర్చుకునేటప్పుడే పరిహారం హక్కు గురించి కార్మికుడికి అర్థమయ్యే భాషలో రాసివ్వడం కూడా యజమాని విధే. మన దగ్గర ఎంతమంది మేస్త్రీలు, గుత్తేదారులు అలాంటి కాగితం ఇస్తున్నారు? అడిగి తీసుకోండి.

బెంగళూరులోనో చెన్నైలోనో ప్రమాదం జరిగిందని శ్రీకాకుళం, పాలమూరు కుటుంబాలు అక్కడి ఆఫీసుల చుట్టూ తిరగనక్కర్లేదు. తాము నివసించే ప్రాంతంలోని అధికారి దగ్గరే దరఖాస్తు పెట్టుకోవచ్చు. ప్రమాదం జరిగిన రోజు నుంచి, మరణమైతే ఆ తేదీ నుంచి, రెండేళ్ల లోపు పెట్టాలి. జీతం చీటీ, హాజరు పుస్తకం నకలు, ఎఫ్ఐఆర్, శవపరీక్ష నివేదిక వంటివి ఉంటే జతచేయండి. జీతం చీటీ లేకపోతే తోటి కూలీల సాక్ష్యం పనికొస్తుంది.